గీత ఎవరిది?

కిందటి వారం మనం కరెంటమ్మను ఆసుపత్రి వెనక పెరట్లో, చేతిలో సున్నం డబ్బాతో వదిలేసి వచ్చాం. అక్కడే ఉంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కాళ్ళ దగ్గర నిన్న సాయంత్రం మొగుడు గీసిన తెల్లగీత మీటర్ల గదినుంచి బయలుదేరి, జనరేటర్ షెడ్డు వెనక్కి పోయి, అక్కడ ఉన్నట్టుండి పక్కకి తిరిగి, ఒక వంపు కొట్టి, కొత్తగా కట్టిన పిల్లల వార్డు గోడ చేరుతోంది. ఆ వంపు మీదే ఆమె కోపమంతా.

ఆ గీత వెంబడి కాలవ తవ్వాలి. కాలవలో పైపులు పరవాలి. పైపుల్లోంచి కరెంటు కేబులు వార్డుకి వెళ్ళాలి. లైసెన్సు వచ్చాక కరెంటమ్మకు సొంత పేరు మీద దొరికిన మొట్టమొదటి పని ఇది. పెళ్ళయిన కొత్తలో మొగుడికి నిచ్చెన పట్టుకోవడంతో మొదలుపెట్టి, వైర్లు లాగడం నేర్చుకుని, పరీక్ష రాసి ప్యాసై, 'నిదానం మేస్త్రి పెళ్ళాం' అనే పిలుపు వదిలించుకుని 'కరెంటమ్మ' అనిపించుకున్న మనిషి ఆమె. మొగుణ్ణి నిదానం అని ఎందుకంటారో ఆయన ఒక స్విచ్చి బిగించడం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కాలవ తవ్వేవాళ్ళ కోసం ఆమె తిరగని చోటు లేదు. ఒకడు రేపంటాడు, ఆ రేపు రాదు. ఇంకొకడు, "జానెడు లోతు చాలమ్మా, పైన మట్టి కప్పేశాక లోపల చూసేదెవడు?" అన్నాడు. ఆ మాటతో వాణ్ణి గేటు దాకా సాగనంపింది. చివరికి మొగుడు తనంతట తానే, ఆమెను ఒక్క మాట అడక్కుండా, గునపాన్ని పిలిచాడు.

గునపం అంటే ఇనపది కాదు, మనిషే. కాలవలు తవ్వే మిషను ఉన్న ఆడమనిషి. చిన్నప్పటినుంచీ నడుమూ వంగదు, నోరూ వంగదని మేనత్త ముద్దుగా పెట్టిన పేరు. ఆ మేనత్తే కరెంటమ్మకు అత్తగారు. అంటే గునపం నిదానానికి సొంత మేనమరదలు. ఒకప్పుడు వాళ్ళిద్దరికీ పెళ్ళని రెండిళ్ళలోనూ అనుకున్నారు కూడా. "మా మరదల్ని కాదని నిన్ను చేసుకున్నాను, తెలుసా?" అని కాపరం కొత్తలో నిదానం ఒకసారి గొప్పగా అన్నాడు. ఆ ఒక్క మాటనీ కరెంటమ్మ ఇన్నేళ్ళుగా బంగారంలా దాచుకుంది.

బంగారం దాచుకున్నవాళ్ళకు నిద్ర ఉండదు కదా. గునపం వచ్చి "బావా" అని పిలిచినప్పుడల్లా ఆమెకు ఒంటిమీద కారం చల్లినట్టే ఉంటోంది. మొగుడితో మాటలు మానేసింది. ఇంట్లో ఇద్దరి మధ్యా అత్తగారే రాయబారి. నిన్న సాయంత్రం బావామరదళ్ళిద్దరూ పెరడంతా నడిచి గీత గీస్తూంటే, తను వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుంది. భోజనాల దగ్గర నిదానం తల్లితో, "అమ్మా, ఆ చివర గీత ఎందుకు వంచామో దానికి చెప్పు" అన్నాడు. అత్తగారు ఇటు తిరిగి, "అమ్మాయ్, గునపం వంచమందిట. అది చెప్పిందంటే ఊరికే..." అన్నంత వరకే కోడలు విన్నది. "చాలు అత్తయ్యా" అని కంచం ముందునుంచి లేచిపోయింది. ఊరికే అన్న మాట తరవాత ఏముందో అది అత్తగారి నోట్లోనే ఉండిపోయింది.

ఇదీ ఇప్పటిదాకా జరిగింది.

కరెంటమ్మ వంపు మీద కాలు పెట్టి చెప్పుతో రుద్దింది. సున్నం మట్టిలో కలిసిపోయింది. తరవాత షెడ్డు మూలనుంచి వార్డు గోడ దాకా తాడు కట్టి, డబ్బా వంచి, తిన్నగా గీసుకుంటూ పోయింది. చేసే పనికి కారణాలు లేకపోలేదు. వంపు ఉంటే కేబులు లాగేటప్పుడు ప్రాణం తీస్తుంది. వంపు ఉంటే దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే మిషనుదానికి కూలి పెరుగుతుంది. ఇవన్నీ నిజాలే. తెలివైనవాళ్ళ అసూయతో వచ్చిన చిక్కే ఇది, దానికి ఎప్పుడూ నిజాలు తోడు దొరుకుతాయి. తెలివితక్కువవాళ్ళయితే హాయిగా జుట్టూజుట్టూ పట్టుకుని తేల్చుకునేవారు.

చివరికంటా గీసి వెనక్కి తిరిగి చూసుకుంది. గీత బాణంలా ఉంది. ఆమె మనసుకు ఎన్నాళ్ళకో కాస్త చల్లగా అనిపించింది.

తెల్లవారి, ఆసుపత్రి గేటు తీశాక గునపం వచ్చింది. చిన్న లారీ మీద మిషను, తాళ్ళతో కట్టి ఉంది. చూడ్డానికి పెద్ద రంపంలా, గొలుసు నిండా ఇనప పళ్ళతో ఉంటుంది అది. మనిషి మాత్రం పొడుగ్గా, చొక్కా చేతులు పైకి మడిచి, జుట్టు ముడేసి, ముఖంలో కాస్త కూడా నిద్ర బడలిక లేకుండా ఉంది. అది కూడా కరెంటమ్మకు నచ్చలేదు. పొద్దున్నే అంత కళగా ఉండాల్సిన అవసరం కాలవ తవ్వేవాళ్ళకు ఏముంటుంది?

"బావ రాలేదా అక్కా?" అంది గునపం, తాళ్ళు విప్పుతూ.

"పైపులు తేవడానికి వెళ్ళారు. ఆ తాళ్ళు అప్పుడే విప్పకు."

"ఏం?"

"నీకు పనిచ్చానని నేనింకా అనలేదు."

గునపం చెయ్యి ఆగింది. "బావ రమ్మన్నాడే!"

"బావ రమ్మంటే భోజనానికి రా. పనికయితే నేను రమ్మనాలి."

గునపం ఆమెను ఎగాదిగా చూసింది. కోపమొస్తుందేమో, తాళ్ళు మళ్ళీ కట్టేసుకుని పోతుందేమో అని కరెంటమ్మ లోపల్లోపల ఆశపడింది. ఆ మనిషి పోలేదు సరికదా, నవ్వింది. లారీ దిగి, చేతులు దులుపుకుని, ఎదురుగా నిలబడింది.

"న్యాయమే. పని నీది కదా. అయితే అడుగక్కా. కొత్తవాళ్ళని ఎలా అడుగుతావో అలాగే అడుగు. మొహమాటపడకు."

మొహమాటమా! కరెంటమ్మకు కావలసింది అదే. ఎక్కడో ఒకచోట తప్పు దొరక్కపోతుందా, 'నీ పని మాకు పనికిరాదు తల్లీ' అని పంపించకపోతానా అనుకుంది.

"లోతెంత తవ్వుతావు?"

"తొడ లోతు. అంబులెన్సులు తిరిగే చోట నడుం దాకా."

"పైపు కింద?"

"ఇసక. రాయి మీద పైపు పెడితే ఇవాళ ఏమీ కాదు. మీద మట్టి కుంగాక పగులుతుంది, అప్పుడు నన్నూ తిడతారు, నిన్నూ తిడతారు."

"తీసిన మట్టి ఎటు పోస్తావు?"

"ఒకే పక్క, అంచుకి ఎడంగా. రెండో పక్క నీ మనుషులు పైపులు మోసుకుని నడవొద్దూ?"

"పూడ్చడం?"

"నువ్వు దిగి చూసుకుని సరేనన్నాకే. అందాకా గుప్పెడు మట్టి కూడా వెయ్యను. వేసేటప్పుడు పొర పొరకీ దిమ్మిస కొట్టిస్తా. పైపుకి జానెడు మీద ఎర్ర టేపు పరుస్తా. రేపెప్పుడో మనలాంటి వాళ్ళెవరో వచ్చి తవ్వితే ముందు టేపు కనపడాలి కదా."

"మధ్యలో వాన పడితే?"

"నీళ్ళు తోడేసి, అడుగు మళ్ళీ చదును చేసిస్తా. ఆ కూలి నీమీద వెయ్యను."

ఒక్క తప్పు లేదు. ఒక్కటంటే ఒక్కటి. కరెంటమ్మ ఎన్నో సైట్లలో ఎంతోమందిని ఇవే ప్రశ్నలు అడిగింది. ఇలా తడుముకోకుండా చెప్పినవాళ్ళు లేరు. మామూలుగా అయితే అక్కడికక్కడే చేతులు పట్టుకుని పని అప్పగించేది. కానీ ఇప్పుడు ఒక్కో జవాబూ వింటూంటే కడుపులో మంట ఒక్కో మెట్టూ పైకెక్కుతోంది. అందంగా ఉందంటే సరిపెట్టుకోవచ్చు. మొగుడి మేనమరదలంటే సరిపెట్టుకోవచ్చు. పని కూడా ఇంత బాగా వస్తే ఇక తన దగ్గర దానికన్నా ఎక్కువేముందని?

"ఇంకేమైనా అడగాలా అక్కా?"

"ఒకటుంది." అడగాలనుకోలేదు, వచ్చేసింది. "ఊళ్ళో ఇన్ని పనులుండగా మా పనికే ఎందుకొచ్చావు?"

"మంచి పని కాబట్టి."

"కాదు. ఆయన కోసం వచ్చావు. నిన్ను కాదన్నాడని నీకింకా మనసులో ఉంది. నిన్న పెరడంతా ఆయన పక్కన నవ్వుకుంటూ తిరిగావట. నా కళ్ళతో నేను చూడకపోయినా చూసినవాళ్ళున్నారు."

"చూసినవాళ్ళ దాకా ఎందుకు? నువ్వే రావలసింది. నీ పనేగా." గునపం గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "సరే గానీ, ఎవరు ఎవర్ని కాదన్నారని చెప్పాడు బావ?"

కరెంటమ్మకు ఆ ప్రశ్న అడిగిన తీరులోనే ఏదో తేడా తెలిసిపోయింది.

"నన్ను తను కాదన్నానని చెప్పాడా?" గునపం తల అడ్డంగా ఊపింది. "బావ కూడా అందరు మగాళ్ళ లాంటివాడేనన్నమాట. అక్కా, నీకు బాధ కలుగుతుందేమో గానీ, అబద్ధం నాకు చేతకాదు. బావ వద్దనలేదు. నేను వద్దన్నాను."

లారీ డ్రైవరు అటువైపు కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నారు.

"అబద్ధం" అంది కరెంటమ్మ.

"నాన్న నడుం పడిపోయింది అప్పట్లో. మిషను అమ్మేద్దామన్నారు. నేను నడుపుతానన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. బావొక్కడే నవ్వలేదు. సరే, ఈయన్ని చేసుకోవచ్చు అనుకున్నా. పెళ్ళి మాటలప్పుడు ఒక్కటే అడిగాను. బావా, పెళ్ళయ్యాక మిషను ఎవరు నడుపుతారు? అని. 'నేను నడుపుతాలే, నువ్వు ఇంట్లో హాయిగా ఉండు' అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడనుకున్నావు! తిట్టి చెప్పుంటే పోట్లాడేదాన్ని. ఆ ప్రేమతో ఎలా పోట్లాడతాం? తెల్లారి అత్తకి చెప్పేశాను, వద్దని. అత్త ఏడ్చింది. బావ చాలాకాలం నాతో మాట్లాడలేదు. తరవాత నువ్వొచ్చావు."

తరవాత నువ్వొచ్చావు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. కరెంటమ్మ ఇన్నేళ్ళూ తను గెలిచాననుకుంది. మేనమరదల్ని కాదని, కావాలని, ఏరి కోరి తనను తెచ్చుకున్నాడనుకుంది. ఎవరో వద్దని కంచం పక్కకి నెడితే మిగిలినది తన విస్తట్లోకి వచ్చిందా? నిన్నటిదాకా ఆమె అసూయకి ఒక గట్టు ఉండేది. బావా అన్న పిలుపు, సాయంత్రం షికారు, అంతే. ఇప్పుడు ఆ గట్టు తెగి, తను లేని రోజుల్లోకి, తను పుట్టిల్లు దాటని రోజుల్లోకి కూడా పారింది. ఆయన బాధపడ్డాడా? అన్నం మానేశాడా? తన మెడలో తాళి కట్టేటప్పుడు మనసులో ఎవరున్నారు?

"నీకు కోపం రావాలి, వచ్చింది" అంది గునపం. "ఇప్పుడు నా సంగతి కూడా విను. నీకు లైసెన్సు వచ్చిన రోజు అత్త నాకు ఫోన్ చేసింది. మావాడే దగ్గర కూర్చుని చదివించాడే, పరీక్షకి సైకిలు మీద తీసుకెళ్ళి బయట ఎండలో నిలబడ్డాడే అని ఒకటే మురిసిపోయింది. నాకు ఆ పూట ముద్ద దిగలేదక్కా."

"నీకెందుకు దిగలేదు?"

"ఎందుకేమిటి? నాతో ఇంట్లో ఉండమన్నవాడు నీతో ఆ మాట అనలేదే! నేను వద్దంటే తగిలిన దెబ్బకి బుద్ధొచ్చింది. ఆ బుద్ధొచ్చిన మనిషి నీకు దొరికాడు. దున్నింది నేను, పంట నీ ఇంటికొచ్చింది. బావ మీద నాకేమీ లేదు, ఒట్టు. నీ మీద ఉంది. నిన్ను చూస్తే కుళ్ళు నాకు." గునపం ముఖం తిప్పుకుని తాళ్ళకేసి చూసింది. "అందుకే వచ్చాను. నువ్వు ఎలా పని చేయిస్తావో చూద్దామని. చాలా? ఇంకా అడగాలా?"

కరెంటమ్మకు ఆ మనిషిని కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. రెండూ చేయలేదు. కానీ ఒకటి మాత్రం నిజం. తనను చూసి ఇంకొకరు కుళ్ళుకుంటున్నారని విన్నాక ఒంట్లో మంట కాస్త తగ్గింది. మనిషి బుద్ధి అంతే, ఏం చేస్తాం!

"తాళ్ళు విప్పు" అంది. "పని నీదే."

"బావ చెప్పాడనా?"

"నేను చెప్పానని."

గునపం తాళ్ళు విప్పి, పలకల మీదుగా మిషనును నేలమీదికి దింపింది. అప్పటికి నిదానం రిక్షా నిండా పైపులతో రానే వచ్చాడు. పెళ్ళాం, మరదలు పక్కపక్కన నిలబడి ఉండటం చూసి, రిక్షా దిగాలా అలాగే వెనక్కి తిప్పించాలా అని ఒక్క క్షణం ఆలోచించినట్టే కనిపించాడు. నిదానమే ప్రధానం కదా. చివరికి దిగి, రెండు పైపులు భుజాన వేసుకుని వచ్చాడు.

"ఇద్దరూ మాట్లాడుకున్నారా?" అన్నాడు, ఇద్దరిలో ఎవర్నీ చూడకుండా.

"చాలా మాట్లాడుకున్నాం" అంది కరెంటమ్మ. ఎన్నో రోజుల తరవాత మొగుడితో నేరుగా అన్న మాట అది. ఆయన ముఖం వెలిగింది. ఏం మాట్లాడుకున్నారో తెలిస్తే అంత వెలిగేది కాదు.

"ఒకసారి గీత చివరిదాకా చూసొస్తా" అంది గునపం.

కరెంటమ్మ సున్నం డబ్బాను కాలితో పక్కకి నెట్టింది.

"నిన్న ఇద్దరం చూసిందే కదే. ఎండ ముదిరితే ఇంజను వేడెక్కిందని నన్ను తింటావు, ఇక మొదలెట్టు" అన్నాడు నిదానం. గునపం అటో అడుగు వేసి, షెడ్డుకేసి చూసి, సరేలెమ్మని మిషను దగ్గరికే వచ్చింది. ఇటునుంచి చూస్తే షెడ్డు దాకా గీత నిన్నటిలాగే ఉంది. దాని వెనక సంగతి కరెంటమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పేద్దామా అనుకుంది. చెప్తే ఎందుకు మార్చావంటారు. కేబులు కోసమంటే చాలు. అయినా తిన్నని గీతే కదా, దానివల్ల ఎవరికి నష్టం? పని చేసుకుంటూ అక్కడిదాకా వచ్చాక మెల్లగా చెప్పొచ్చులే అని ఊరుకుంది.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రి ఆవిడదే. పొద్దున రోగుల్ని చూడటం ముగించి, మెడలో స్టెతస్కోపుతోనే పెరట్లోకి వచ్చి, కరెంటమ్మ పక్కన నిలబడి మిషనును ముచ్చటగా చూసింది.

"ఇవాళ మొదలుపెడుతున్నారన్నమాట. మంచిదమ్మా. మీ ఆయన నిన్న చెప్పారులే, ఆక్సిజన్ పైపు తగలకుండా వంచి గీశామని. అది విన్నాకే నాకు కంటిమీద కునుకు పట్టింది."

"ఆక్సిజన్ పైపా?" అంది కరెంటమ్మ.

"అవునమ్మా, షెడ్డు వెనక. మీరు మొదటిసారి వచ్చి కొలుచుకున్నప్పుడు లేదు, ఆ తరవాతే వేయించాం. పైన మట్టి సర్దేశారు, గుర్తు కూడా లేదు. ఈ మిషను అమ్మాయే అడిగింది నిన్న, ఇక్కడ మట్టి రంగు వేరుగా ఉంది, ఏమైనా పూడ్చారా అని. మంచి కళ్ళు ఆ పిల్లవి. పాత వార్డులో పసిబిడ్డలు ముగ్గురు ఆ గాలి మీదే ఉన్నారు ఇప్పుడు."

అత్తగారి నోట్లో ఆగిపోయిన మాట అదన్నమాట. గునపం చెప్పిందంటే ఊరికే కాదు. మరదలి పేరు వినగానే కంచం ముందునుంచి లేచిపోయి తను విననిది అదే.

అవతల ఇంజను భుగభుగమంటూ లేచింది. గునపం మిషను మీదికెక్కి, గొలుసు పళ్ళు సరిగ్గా గీత మీదికి తెచ్చి, ఒక చెయ్యి పైకెత్తింది. ఇది వాళ్ళ నాన్ననుంచి వచ్చిన పద్ధతి. పళ్ళు మట్టిని తాకే ముందు అందరికీ వినపడేలా ఒక మాట అడగాలి. గీసినవాళ్ళు సొంత నోటితో జవాబు చెప్పాలి. కింద ఏది తెగినా, ఎవరికి ఏమైనా, ఆ భారమంతా జవాబు చెప్పినవాళ్ళదే. జవాబు రాకపోతే మిషను దిగదు.

"గీత ఎవరిది?" అని అరిచింది గునపం.

"నాది!" అన్నాడు నిదానం, పైపులు సర్దుకుంటూ, ఇటు తిరిగి చూడకుండానే.

మిషను షెడ్డు దాకా వెళ్ళేసరికి చాలా సేపు పడుతుంది. ఈలోగా వెనకనుంచి వెళ్ళి ఆ వంపు మళ్ళీ గీసేయొచ్చు. ఎవరికీ తెలియదు. ఆమె కాలు అటు కదిలింది కూడా. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ అరక్షణంలో ఆమె మనసుకు ఇంకో పాడుబుద్ధి కూడా పుట్టింది. నాది అన్నాడుగా, ఇన్నేళ్ళు అబద్ధం చెప్పిన మనిషి, పడనీ ఆ భారం వాడి మీదే. ఆ ఆలోచన తనదేనని తెలిసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. దొంగచాటుగా చెరిపింది చాలక దొంగచాటుగా దిద్దడమా? దిద్దేలోగా తన కాలు మడతబడి, మిషను ముందే అక్కడికి చేరి, ఏదైనా ఒకటి జరిగితే?

"కాదు!" అని అరిచింది. ఇంజను హోరులో ఎవరికీ వినపడలేదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి మిషను ముందు, గీత మీద నిలబడింది. "ఆపు! గీత ఆయనది కాదు. నాది."

గునపం ఇంజను కట్టేసింది.

"షెడ్డు వెనక వంపు నేను చెరిపేశాను. పొద్దున్నే వచ్చి తిన్నగా గీశాను. ఆక్సిజన్ పైపు సంగతి నాకు తెలీదు."

"ఎందుకమ్మా చెరిపావు?" అంది డాక్టరమ్మ.

"కేబులు లాగేటప్పుడు..." అని మొదలుపెట్టింది కరెంటమ్మ. నిజాలన్నీ నాలుక చివరే ఉన్నాయి. మింగేసింది. "వంచమన్నది గునపం అని. అందుకు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను మేడం, అంతే."

నిదానం భుజం మీది పైపు జారి నేలమీద పడింది. గునపం మిషను దిగి, షెడ్డు వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది. తను కూడా చివరిదాకా నడవకుండా మిషను ఎక్కినందుకు కావచ్చు, ఎవరినీ ఏమీ అనలేదు.

డాక్టరమ్మ కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "చెప్పావు కాబట్టి సంతోషం" అంది నెమ్మదిగా. "చెప్పకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయంగా ఉంది. కానీ అమ్మా, నీ ఇంటి గొడవ నా వార్డులోకి వచ్చింది. ఈ పని ఇక నీ చేతిలో ఉంచలేను." నిదానం వైపు తిరిగింది. "మేస్త్రీ, మీకూ లైసెన్సుంది కదా. పని మీ పేరు మీద తీసుకుంటానంటే ఈ అమ్మాయి మిషను ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. తీసుకోనంటే ముగ్గురూ సామాను సర్దుకోండి, ఇవాళే ఇంకొకర్ని పిలుచుకుంటాను. ఏదో ఒకటి ఇక్కడే చెప్పండి."

తీసుకుంటే పెళ్ళాం మొదటి పని పోతుంది. తీసుకోకపోతే మరదలి పని కూడా పోతుంది. నేను నడుపుతాలే, నువ్వు ఇంట్లో హాయిగా ఉండు. ఎన్నో ఏళ్ళ కిందట ఈ మనిషి మరదలితో ప్రేమగా అన్న మాట అది. ఇప్పుడు మళ్ళీ అదే అంటే తప్పుపట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు. తప్పు చేసింది కరెంటమ్మే కదా. మిషనుకు ఆనుకుని నిలబడ్డ గునపానికీ అదే గుర్తొచ్చినట్టుంది, బావనే చూస్తోంది.

నిదానం జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. జవాబు చెప్పడానికి తల ఎత్తాడు. కరెంటమ్మ ఆయన కళ్ళను వదలకుండా చూస్తోంది. ఆ కళ్ళు ముందుగా ఎవర్ని వెతుకుతాయో, దాన్నిబట్టే జవాబేమిటో తనకు తెలిసిపోతుందనుకుంది. తనను వెతికితే పని వద్దంటాడు, గునపాన్ని వెతికితే తీసుకుంటాడు.

అవి ఆమెను వెతకలేదు. ఆమె భుజం మీదుగా దాటి, తిన్నగా వెళ్ళి గునపం మీద ఆగాయి.